3.55ఆ, 4.10ఆ? పాత మజిల్ కారుకి వెనక గేర్ మార్చే ముందు

పాత మజిల్ కారు, అంటే 1960, 70ల్లో అమెరికాలో పెద్ద ఇంజిన్‌తో వచ్చిన కారు, కొన్న ప్రతివాడూ ఆరు నెలలు తిరక్కముందే వెనక గేర్ (రివర్స్ గేర్ కాదు, వెనక యాక్సిల్‌లో ఉండే గేర్) మార్చాలా అనే ప్రశ్న దగ్గరికి వస్తాడు. ఇంజిన్ బాగుంది, శబ్దం అదిరిపోతోంది, కానీ సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే బండి ఒళ్లు విరుచుకుని లేచినట్టు కదులుతుంది, పికప్ లేదు. ఎవరిని అడిగినా ఒకటే మాట, "వెనక గేర్ మార్చు, 4.10 వెయ్యి, ఇక చూస్కో". నాకూ అదే చెప్పారు. వేయించాను, చూసుకున్నాను, రెండేళ్ల తర్వాత మళ్లీ డబ్బు పెట్టి తీయించాను. కాబట్టి ఇది రాసేది దెబ్బ తిన్నవాడు అని ముందే తెలుసుకుని చదవండి.

నాది 1970 షెవెల్ మలిబు, జనరల్ మోటార్స్ (జీఎం) వాళ్ల షెవ్రొలే కారు. 350 ఘన అంగుళాల ఇంజిన్, ఫోర్ బ్యారెల్ కార్బురేటర్, టర్బో 350 అనే మూడు గేర్ల ఆటోమేటిక్. వెనక 12 బోల్టుల యాక్సిల్ (మూతకి 12 బోల్టులు ఉండే రకం), అందులో 3.08 గేర్. టైరు ఎత్తు 26 అంగుళాలు. కింద చెప్పే లెక్కలన్నీ ఈ బండివే. మీ టైరు ఎత్తు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ముందు ఈ 3.08, 4.10 అంటే ఏంటో. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లారీ మెకానిక్‌ని అడిగినా క్రౌన్ పినియన్ అంటాడు, అమెరికాలో రింగ్ అండ్ పినియన్ అంటారు, వస్తువు ఒకటే. యాక్సిల్ మధ్యలో ఉండే పెద్ద గేర్ క్రౌన్, గేర్‌బాక్స్ నుంచి వచ్చే డ్రైవ్‌షాఫ్ట్ చివర దాన్ని తిప్పే చిన్న గేర్ పినియన్. క్రౌన్ పళ్లని పినియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే ఈ అంకె. 41 పళ్ల క్రౌన్‌కి 10 పళ్ల పినియన్ అయితే 4.10, అదే 41కి 11 అయితే 3.73, 39కి 11 అయితే 3.55, 40కి 13 అయితే 3.08. అంటే 4.10 గేర్‌లో చక్రం ఒక్కసారి తిరగాలంటే డ్రైవ్‌షాఫ్ట్ నాలుగుసార్లకి పైన తిరగాలి. అంకె పెద్దదయ్యే కొద్దీ లాగుడు ఎక్కువ, పరుగు తక్కువ. ట్రాక్టర్ ఎంత బరువైనా లాగుతుంది కానీ హైవే మీద పరిగెత్తదు కదా, అదే సంగతి. ఇక్కడ అమెరికావాళ్ల మాటలో ఒక తిరకాసు ఉంది: పెద్ద అంకెని "లో గేర్" అంటారు, చిన్న అంకెని "హై గేర్" అంటారు. ఫోన్లో ఆర్డర్ ఇచ్చేటప్పుడు లో, హై అనే మాటలే వాడకండి, అంకె చెప్పండి, చాలు.

3.08 తీసి 4.10 వేస్తే చక్రం దగ్గర లాగుడు 33 శాతం పెరుగుతుంది. ఇంజిన్‌లో ఒక్క నట్టు కూడా విప్పకుండా ఇంత తేడా ఇచ్చే పని ఇంకోటి లేదు, అందుకే అందరూ దీని మీద పడతారు. కానీ అదే 33 శాతం హైవే మీద ఆర్పీఎంలోనూ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) పెరుగుతుంది, ఈ సగం మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు.

లెక్క తేలికే. గంటకి ఎన్ని మైళ్లో దాన్ని గేర్ అంకెతో, మళ్లీ 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగించండి. టాప్ గేర్ ఒకటికి ఒకటిగా ఉండే గేర్‌బాక్స్‌లో ఇంజిన్ ఆర్పీఎం అదే. నా బండిలో 70 మైళ్ల వేగానికి 2.73 అయితే సుమారు 2470, 3.08కి 2790, 3.31కి 2990, 3.55కి 3210, 3.73కి 3370, 4.10కి 3710. ఆటోమేటిక్ అయితే, ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఆయిల్‌తో కలిపే పాత టార్క్ కన్వర్టర్లకి లాకప్ (జారకుండా గట్టిగా కలిపే పట్టు) ఉండదు కాబట్టి కాస్త జారుడు కలిపి వీటికన్నా ఇంకొంచెం పైనే ఉంటుంది.

3710 అనేది కాగితం మీద మామూలు అంకెలాగే కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది. 4.10 వేయించాక మొదటిసారి దూరం వెళ్లింది డాలస్ నుంచి హ్యూస్టన్ పక్కన పెర్ల్యాండ్ మీనాక్షి అమ్మవారి గుడికి, ఐ-45 మీద నాలుగు గంటల పైన ప్రయాణం. అందరూ 75లో పోతుంటే నేనూ 75. ఇంజిన్ దాదాపు 4000 దగ్గర ఒకే పట్టున అరుస్తోంది. కోర్సికానా దాటకముందే మా ఆవిడ "ఇది కారా, రైస్ మిల్లా అండీ?" అంది. వెనక సీట్లో పిల్లలు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు. పెట్రోల్ ముల్లు కళ్లముందే దిగిపోతోంది, టెంపరేచర్ ముల్లు కళ్లముందే ఎక్కుతోంది. తిరుగు ప్రయాణంలో 60లో కుడివైపు లేన్‌లో లారీల మధ్య వచ్చాం.

ఇంకో తమాషా, స్పీడోమీటర్. గేర్‌బాక్స్ తోక దగ్గర చిన్న ప్లాస్టిక్ గేర్ ఒకటి కేబుల్‌ని తిప్పుతుంది. వెనక గేర్ మారిస్తే అది కూడా మార్చాలి. నేను మార్చలేదు. నిజంగా 60లో పోతుంటే మీటర్ 80 చూపించింది. కారు తిరిగిన మైళ్లూ అలాగే మూడో వంతు ఎక్కువ పడ్డాయి. ఆ ప్లాస్టిక్ గేర్లు పళ్ల సంఖ్యని బట్టి రంగురంగుల్లో దొరుకుతాయి, ఖరీదు పెద్దగా ఉండదు, పని కూడా అరగంటే. బాగా పెద్ద అంకె గేర్లకి మాత్రం ఆ రంగుల్లో సరిపడేది దొరక్కపోవచ్చు, అప్పుడు కేబుల్ మధ్యలో చిన్న రిడక్షన్ డబ్బా పెట్టాలి.

మరి ఏది ఎంచుకోవాలి? నా అభిప్రాయంలో వెనక గేర్ ఎంత అనేది మొదటి ప్రశ్న కాదు. గేర్‌బాక్స్ ఏది అనేదే మొదటి ప్రశ్న. ఈ ఒక్క సంగతి ముందు తెలిసి ఉంటే నాకు ఒకటిన్నర వేల డాలర్ల పైనే మిగిలేవి.

ఫస్ట్ గేర్ అంకెని వెనక గేర్‌తో గుణించి చూడండి, ఆగిన చోటు నుంచి బండి ఎంత గట్టిగా కదులుతుందో తెలుస్తుంది. టర్బో 350లో ఫస్ట్ 2.52. దానికి 3.08 అయితే 7.76, బద్ధకం. 3.55 అయితే 8.95, బాగుంటుంది. 3.73 అయితే 9.4. 4.10 అయితే 10.3. రోడ్డు మీద తిరిగే బండికి ఈ గుణకారం 9, 10 మధ్య ఉంటే హాయిగా ఉంటుందని చాలామంది లెక్క, నాదీ అదే. ఇప్పుడు 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ చూడండి. ఫస్ట్ 3.06, నాలుగో గేర్ ఓవర్‌డ్రైవ్ (డ్రైవ్‌షాఫ్ట్ కన్నా ఇంజిన్ నెమ్మదిగా తిరిగే గేర్) 0.70. దానికి నా పాత 3.08నే ఉంచితే 3.06 ఇంటూ 3.08, అంటే 9.42. టర్బో 350కి 3.73 వేస్తే వచ్చే లాగుడే ఇది, వెనక యాక్సిల్ ముట్టుకోకుండానే! పైగా హైవే మీద 70లో 1950 ఆర్పీఎం. నేను ఈ లెక్క వేసింది 4.10 వేయించిన ఆరు నెలలకి, రాత్రి పదకొండింటికి, పక్కన కాఫీ పెట్టుకుని. ఆ రోజు నిద్ర పట్టలేదు.

అందుకని ఓవర్‌డ్రైవ్ ఉన్న బండికీ లేని బండికీ సలహా ఒకటే కాదు. ఓవర్‌డ్రైవ్ ఉంటే 3.73 నిజంగానే బంగారం: 70లో 2360 ఆర్పీఎం, సిగ్నల్ దగ్గర బాణం. అదే 700ఆర్4కి 4.10 వేస్తే హైవే పరవాలేదు, 2600 లోపే, కానీ ఫస్ట్ గేర్ గుణకారం 12.5 దాటిపోతుంది. 5500 ఆర్పీఎం దగ్గర ఫస్ట్ గేర్ 34 మైళ్లకే అయిపోతుంది, అంతకుముందే టైర్లు పొగ. ఫొటోలకి బాగుంటుంది, అంతే.

ఓవర్‌డ్రైవ్ లేదు, పెట్టే ఉద్దేశమూ లేదు అనుకుందాం. మూడు గేర్ల ఆటోమేటిక్, ఫోర్డ్ సీ4, సీ6, జీఎం టర్బో 350, 400, క్రైస్లర్ 727 టార్క్‌ఫ్లైట్, వీటన్నిటికీ ఫస్ట్ గేర్ 2.45 నుంచి 2.52 మధ్యే కాబట్టి ఒకటే మాట చెప్పొచ్చు. ఊళ్లో తిరుగుతూ నెలకోసారి హైవే ఎక్కేవాళ్లకి 3.55 చాలు, ఫోర్డ్ అయితే 3.50. హైవే ఎక్కువైతే 3.31, లేదా ఫోర్డ్ 3.25. నలభై మైళ్ల లోపే తిరిగి, 60 దాటని వాళ్లు 3.73 వేసుకోండి, నేను అడ్డు చెప్పను. నా ఇంజిన్‌కి కంపెనీ లెక్క ప్రకారం గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 3200 ఆర్పీఎం దగ్గర. 3.55తో 70లో సరిగ్గా అక్కడే ఉంటుంది, అందుకే ఓవర్‌టేక్‌కి కాలు కొంచెం నొక్కితే చాలు, గేర్ దిగనక్కర్లేకుండానే ముందుకి దూకుతుంది. మైలేజ్ గురించి మాత్రం నన్ను అడక్కండి.

నాలుగు గేర్ల మాన్యువల్ వాళ్లకి ఒక మెలిక. జీఎం మన్సీ గేర్‌బాక్సుల్లో ఎం20కి ఫస్ట్ 2.52, ఎం21కి, ఎం22కి 2.20. ఎం21 ఉన్నవాడు 3.08తో బయల్దేరితే గుణకారం 6.8 దగ్గర ఆగుతుంది, ప్రతి సిగ్నల్ దగ్గరా క్లచ్ కాల్చుకోవడమే. వాళ్లకి 3.73 కూడా ఎక్కువేం కాదు, 8.2 వస్తుంది. ఎం20 వాళ్లకి 3.31కే ఆ లాగుడు వచ్చేస్తుంది. అందుకే ఎదుటివాడి బండిలో ఏ గేర్‌బాక్స్ ఉందో అడక్కుండా అతని గేర్ అంకె కాపీ కొట్టొద్దు అంటాను.

4.10ని నేను తిట్టడం లేదు. దానికి దాని చోటు ఉంది, ఆ చోటు డ్రాగ్ స్ట్రిప్, అంటే పావు మైలు తిన్నటి పందెం దారి. నా ఇంజిన్‌కి గరిష్ఠ హార్స్‌పవర్ 4800 దగ్గర వస్తుంది, 26 అంగుళాల టైరుతో 4.10లో టాప్ గేర్‌లో 4800 అంటే సుమారు 90 మైళ్లు, క్వార్టర్ మైలు చివర ఇలాంటి మామూలు మలిబు దాటే వేగం కూడా దాదాపు అంతే. 3.55 అయితే అదే 4800 రావాలంటే 104 దాకా వెళ్లాలి, అంత దూరం స్ట్రిప్ లేదు. అప్పటి కంపెనీలకి ఇది బాగా తెలుసు. ఫోర్డ్ 428 కోబ్రా జెట్ ఇంజిన్‌కి డ్రాగ్ ప్యాక్ అనే పందెం సరంజామా తీసుకుంటే 3.91 లేదా 4.30 గేర్ ఇచ్చేవాళ్లు, క్రైస్లర్ సూపర్ ట్రాక్ ప్యాక్‌లో డానా 60 యాక్సిల్‌తో 4.10 వచ్చేది. పందెం కోసం కొనేవాళ్లకి అది, ఆఫీసుకి వెళ్లేవాళ్లకి కాదు. ఆ తర్వాత 1973 చమురు సంక్షోభం, 1974లో అమెరికా అంతా 55 మైళ్ల పరిమితి వచ్చాక వెనక గేర్లు 2.73కి, ఇంకా కిందకి దిగిపోయాయి. మీ బండి 1970ల మధ్యది అయితే బద్ధకానికి సగం కారణం అదే. అలాంటిదానికి 3.31 వేసినా కొత్త బండి ఎక్కినట్టు ఉంటుంది.

డబ్బు సంగతి. మా వైపు కొత్త క్రౌన్ పినియన్, బేరింగుల కిట్, పనివాడి కూలి అన్నీ కలిపి వెయ్యి డాలర్ల నుంచి పదిహేను వందల దాకా అవుతుంది. ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ పెట్టించడం దానికి మూడు నాలుగు రెట్లు. అంత పెట్టలేక గేర్ మారుద్దాం అనుకుంటే తప్పేం లేదు, కానీ రెండేళ్లలో ఎలాగూ ఓవర్‌డ్రైవ్ పెట్టిస్తాను అనుకునేవాళ్లు ఇప్పుడు గేర్ జోలికి వెళ్లకండి, ఆగండి. 700ఆర్4 టర్బో 350 కన్నా పొడవు, డ్రైవ్‌షాఫ్ట్ కోయించి పొట్టి చెయ్యాలి. 200-4ఆర్ అనేది ఉంది, దాని పొడవు మామూలు టర్బో 350తో సరిపోతుంది, క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్‌ని మోసే అడ్డకమ్మీ) వెనక్కి జరిపితే చాలు. ఫస్ట్ 2.74, ఓవర్‌డ్రైవ్ 0.67. 3.55తో కలిపితే ఫస్ట్ గుణకారం 9.7, 70లో 2150. నాకు ఇప్పుడు అన్నిటికన్నా నచ్చిన జోడీ ఇదే. రెండిటికీ కార్బురేటర్ నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సరిగ్గా బిగించకపోతే లోపల క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఖర్చు అసలే వద్దనుకునేవాళ్లకి టైర్లు ఉన్నాయి. వెనక 28 అంగుళాల టైరు వేసి ఉంటే 3.73 గేర్ 26 అంగుళాల టైరు మీద 3.46లా నడుస్తుంది. చాలామంది అందం కోసం పెద్ద టైర్లు వేసి పికప్ పోయిందని గేర్ మార్చడానికి పరిగెడతారు. ముందు టైరు కొలవండి.

అసలు మీ యాక్సిల్‌లో ఇప్పుడు ఏముందో కూడా చూసుకోండి, యాభై ఏళ్లలో ఎంతమంది చేతులు మారిందో ఎవరికి తెలుసు. జాకీతో ఎత్తి స్టాండుల మీద పెట్టి, ముందు చక్రాలకి అడ్డు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, టైరు మీదా డ్రైవ్‌షాఫ్ట్ మీదా సుద్దతో గీత పెట్టండి. పోజీ (రెండు చక్రాలకీ లాగుడు ఇచ్చే డిఫరెన్షియల్) అయితే రెండు చక్రాలూ ఒకేవైపు తిరుగుతాయి, ఒక చుట్టు తిప్పి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మామూలు డిఫరెన్షియల్ అయితే ఒక చక్రం కదలకుండా పట్టుకుని రెండోది రెండు చుట్లు తిప్పాలి. మూడు చుట్ల మీద రవ్వంత అయితే 3.08, మూడున్నర దాటితే 3.55. ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్‌కి రేకు ముక్క ఇంకా ఊడిపోకుండా ఉంటే దాని మీదే రాసి ఉంటుంది, 3ఎల్50 అంటే 3.50, మధ్యలో ఎల్ అంటే లాకింగ్.

ఫోర్డ్ వాళ్లని చూస్తే నాకు అసూయ. 9 అంగుళాల యాక్సిల్‌లోనూ, చిన్న వీ8 మస్టాంగుల 8 అంగుళాల దాంట్లోనూ, క్రైస్లర్ 8¾లోనూ గేర్ల ముద్ద మొత్తం ముందువైపు నుంచి ఊడి వచ్చేస్తుంది. యాక్సిల్ షాఫ్టులు కొంచెం బయటికి లాగి, చుట్టూ నట్లు విప్పి దింపేయడమే, బరువు మాత్రం ఇద్దరు మనుషులు పట్టాలి. కొందరు 3.25తో ఒకటి, 4.11తో ఒకటి రెండు ముద్దలు సిద్ధంగా పెట్టుకుని పందెం ఉన్న వారం మార్చుకుంటారు. మీది అలాంటి యాక్సిల్ అయితే ఈ వ్యాసం సగం మీకు అనవసరం, రెండూ పెట్టుకోండి.

జీఎం 10 బోల్టు, 12 బోల్టు, డానా 60 వాళ్లకి అది కుదరదు, కారు కిందే హౌసింగ్‌లో కూర్చోబెట్టాలి. పైగా 12 బోల్టులో లోపలి క్యారియర్ (క్రౌన్ బిగించే దిమ్మ) అన్ని గేర్లకీ సరిపోదు. 3.08 నుంచి 3.73 దాకా ఒక క్యారియర్, 4.10 ఆపైన ఇంకోటి, 2.73 ఆ కిందకి వేరేది. 3.08 ఉన్నవాడు 3.55కో 3.73కో వెళ్తే ఉన్న క్యారియర్ చాలు. 4.10కి వెళ్తే క్యారియర్ మార్చాలి, లేదా మందం ఎక్కువున్న క్రౌన్ కొనాలి. నేను మందం క్రౌన్ కొన్నాను, పోజీ యూనిట్ మిగిలింది.

బిగించడంలోనే అసలు నేర్పు. ఒక షాపులో చేయించాను, ఇంటికి వచ్చేలోపే 50 మైళ్ల దగ్గర కాలు తీస్తే వెనక నుంచి ఊళ. "బయట కొన్న గేర్లు అంతే సార్, అలవాటవుతుంది" అన్నారు. రెండో మెకానిక్ విప్పి చూస్తే పళ్ల మధ్య సందు ఉండాల్సింది అంగుళంలో వెయ్యో వంతులు 6 నుంచి 10, ఉన్నది 20. అచ్చు కనిపించడానికి పసుపు రంగు పేస్టు పూసి తిప్పి చూస్తే పళ్ల మీద అచ్చు మధ్యలో పడాల్సింది చివరకి పోయింది. అందుకే పని అయ్యాక ఆ అచ్చు ఫొటో, సందు కొలత రాసిన కాగితం అడగండి. ఇవ్వనంటే వేరే షాపు చూసుకోండి. పాత బేరింగులు మళ్లీ వేస్తానంటే వద్దనండి, క్రష్ స్లీవ్ (పినియన్ బేరింగుల మధ్య నలిగి బిగువు నిలిపే గొట్టం) ఒకసారి నలిగితే రెండోసారికి పనికిరాదు. పోజీ ఉంటే గేర్ ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ (పోజీ క్లచ్‌లు పట్టేయకుండా జారనిచ్చే ద్రవం) కలిపారో లేదో కూడా అడగండి, లేకపోతే మలుపుల్లో టకటకమంటుంది.

కొత్త గేర్లని మొదటిరోజే హైవే ఎక్కించకండి. పదిహేను ఇరవై మైళ్లు నెమ్మదిగా తిప్పి, పూర్తిగా చల్లారనివ్వండి, అలా కొన్నిసార్లు చెయ్యండి. 500 మైళ్లకి ఆయిల్ మార్చండి, తీసిన ఆయిల్‌లో మెరుపు పొడి కొంచెం ఉంటే భయపడక్కర్లేదు, రేణువులు వేలికి గరుగ్గా తగిలితే షాపుకి వెళ్లండి. తీసిన పాత గేర్లు పారేయొద్దు, క్రౌన్ పినియన్ ఎప్పుడూ జతగానే ఉంచండి, ఒకటి అమ్మి ఒకటి ఉంచుకోవడం కుదరదు. పినియన్ కింద ఉన్న పాత షిమ్ము (సర్దుబాటు రేకు) కూడా మందం రాసి కవర్లో పెట్టండి, రేపు ఎవరు విప్పినా కొలత మొదలుపెట్టేది దాని దగ్గర్నుంచే.